ఏ ఊరి కుంచం?

పోయినేడాది ఆఫీసులో ఒక పాత సీ కోడ్‌ని శుభ్రం చేసే పని నా మీద పడింది. పాతికేళ్లుగా ఎందరెందరో రాసిన కోడ్. అందులో ఒకే 32 బిట్ల పూర్ణాంకానికి నాలుగు పేర్లు: యు32, యుఇంట్32, డీవర్డ్, యులాంగ్. ఎవరి అలవాటు వాళ్ళు వెంట తెచ్చుకున్నారు. డీవర్డ్ అని రాసినాయన విండోస్ వైపు నుంచి వచ్చుంటాడు. యు32 అని రాసినావిడ లినక్స్ కెర్నెల్ చదివి ఉంటుంది. యాసని బట్టి ఊరు పట్టేసినంత సరదాగా ఉండేది.

ఇక నుంచి అందరం 1999 నాటి సీ ప్రమాణం ఇచ్చిన పేర్లే వాడాలని నిర్ణయం. ఇంట్8, ఇంట్16, ఇంట్32, ఇంట్64: కొలత పేరులోనే ఉంటుంది. పాత ఇంట్, లాంగ్‌లకి అలా కాదు. ఇంట్ 16 బిట్లకి తగ్గకూడదు, లాంగ్ 32కి తగ్గకూడదు, అంతే నియమం. అందుకే ఈ రోజుకీ 64 బిట్ల విండోస్‌లో లాంగ్ అంటే 32 బిట్లు, 64 బిట్ల లినక్స్‌లో 64.

మా అమ్మమ్మకైతే ఇది ఇట్టే అర్థమయ్యేది. ఆవిడ లెక్కలో రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మా బిట్లలాగే అన్నీ రెట్టింపులు. కానీ గింజలు కొలిచే ముందు ఆవిడ అడిగే మొదటి ప్రశ్న, "ఏ ఊరి కుంచం?"

నేను అడగలేదు. ఈ కోడ్ 32 బిట్ల మెషీన్ల మీద పుట్టింది కదా, లాంగ్ అంటే 32 బిట్లేలే అనుకుని, చిన్న స్క్రిప్ట్ రాసి లాంగ్‌లన్నిటినీ ఇంట్32లుగా మార్చేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. రెండు వారాల తర్వాత ఒక కస్టమర్ పెద్ద ఫైల్ తెరవగానే ప్రోగ్రామ్ కుప్పకూలింది.

ఎవరో ఒకచోట లాంగ్‌లో అంకెని కాదు, మెమరీ అడ్రసుని దాచారు. 64 బిట్ల లినక్స్‌లో అడ్రసు లాంగ్‌లో సరిగ్గా పడుతుంది. నేను దాన్ని సగానికి కోసేశాను. చిన్న టెస్టుల్లో అడ్రసులూ చిన్నవే కాబట్టి 32 బిట్లలో ఇమిడిపోయాయి. పెద్ద ఫైల్‌కి మెమరీ ఎక్కడో పైనుంచి వచ్చింది. కంపైలర్ హెచ్చరించింది కూడా. వందల హెచ్చరికల మధ్య నేను చూడలేదు.

మా టీమ్‌లో పెద్దాయన కోప్పడలేదు. "ఒక వస్తువుకి నాలుగు పేర్లున్నాయని చూశావు. ఒక పేరు కింద రెండు వస్తువులున్నాయేమో చూడలేదు," అన్నారు.

మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి చేత్తో. ప్రతి లాంగ్ దగ్గరా ఆగి, రాసినవాళ్ళు ఏమనుకుని రాశారో చదవడం. ఇది లెక్కా, ఫైల్‌లోకి వెళ్ళే బైట్లా, అడ్రసా? అడ్రసు పట్టే పూర్ణాంకానికి అదే ప్రమాణంలో వేరే పేరుంది, అది పెట్టాను. నాలుగు రోజులనుకున్న పని ఆరు వారాలు పట్టింది.

ఖాళీ వేళల్లో పుస్తకాల మీద సమీక్షలు రాస్తుంటాను. ఆ మధ్య నా పాత సమీక్షలు తిరగేస్తే "జీవన వేదన" అన్న మాట ఏడు పుస్తకాలకి కనబడింది. ఏడూ ఒకటి కాదు. అక్కడా అదే స్క్రిప్ట్ నడిపానన్నమాట.

కోడ్‌లో ఒక్కచోట మాత్రం ఎంత చదివినా అంతు చిక్కలేదు. రాసినవాళ్ళు కంపెనీలో లేరు. అక్కడ లాంగ్‌ని అలాగే వదిలేసి, పైన ఒక కామెంట్ పెట్టాను: ఇక్కడ ఎన్ని బిట్లు కావాలో తెలియలేదు, తెలుసుకోకుండా మార్చకండి.