జపానోడు

మా అమ్మమ్మకి యుద్ధమంటే ఒక్క రోజే. 1942 ఏప్రిల్ 6. విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసిన రోజు. ఆవిడకప్పుడు ఆరేళ్ళు. వాళ్ళ నాన్న బండి కట్టించి అందర్నీ ఊరు దాటించేశాడట. "జపానోడు బాంబులేసీసాడు" అని మొదలుపెట్టి, కంగారులో ఇంట్లో వదిలేసొచ్చిన ఆవకాయ జాడీ దగ్గర ఆపేది ప్రతిసారీ. పైన విమానంలో ఉన్నవాడెవడని నేనెప్పుడూ అడగలేదు. జపానోడు, అంతే.

బెన్ కురోకి గురించి చదివాక ఆ మాట అంత తేలిగ్గా అనలేకపోతున్నాను.

కురోకి అమెరికన్. నెబ్రాస్కాలో బంగాళాదుంపలు పండించే రైతు కొడుకు. అమ్మానాన్నలు జపాను నుంచి వలస వచ్చినవాళ్ళు. పెర్ల్ హార్బర్ దాడి జరగ్గానే వెళ్ళి సైన్యంలో చేరితే, వంటశాలలో కూర్చోబెట్టి దుంపల తొక్క తీయించారు. (దుంపలు వదల్లేదు పాపం.) బతిమాలుకుని యూరప్ వెళ్ళి, బీ-24 బాంబర్లలో గన్నరుగా 30 దాడుల్లో పాల్గొన్నాడు. ఇక ఇంటికి పోవచ్చు. పోలేదు, జపాను మీదకి పంపమన్నాడు. జపాను మూలాలున్నవాళ్ళని అక్కడ విమానం ఎక్కనిచ్చేవారు కాదు. యుద్ధమంత్రి స్టిమ్సన్ ప్రత్యేకంగా ఒప్పుకున్నాక గానీ కుదరలేదు. పసిఫిక్‌లోని టినియన్ దీవి నుంచి బీ-29లో 28 సార్లు వెళ్ళాడు.

కింద తగలబడుతున్నవి వాళ్ళమ్మ భాష మాట్లాడే ఊళ్ళు. అక్కడా ఆరేళ్ళ పిల్లలుంటారు. ఈ మనిషిని మెచ్చుకోవాలో వద్దో నాకిప్పటికీ తేలలేదు.

కానీ విమానం దిగాక ఆయన బతుకు చూడండి. దీవి గుహల్లో ఇంకా జపాను సైనికులు దాక్కుని ఉన్నారు. చీకట్లో ఈ ముఖం కనిపిస్తే కాపలావాడు కాల్చేయొచ్చు. అందుకని ఎటెళ్ళినా తోటివాళ్ళు పక్కన ఉండాలి. చివరికి కత్తి దూసింది గుహలోంచి వచ్చినవాడు కాదు, తాగి ఉన్న ఒక అమెరికన్ సైనికుడు. వాడి నోట కూడా మా అమ్మమ్మ మాటే, ఇంగ్లీషులో. ఆ గాయంతో ఆస్పత్రిలో ఉండగానే యుద్ధం అయిపోయింది. మొత్తం 58 దాడులు, అవీ చాల్లేదు. పెద్ద పతకం ఇవ్వడానికి 2005 దాకా పట్టింది.

మొన్న ఫోన్లో అమ్మమ్మకి ఇదంతా చెప్పాను. "రాత్రి ఒంటికెళ్ళాలన్నా తోడుండాలా? మాకూ అంతే, ఆ వేసవంతా" అంది. కాసేపాగి, ఆవకాయ జాడీ సంగతి ఎత్తుకుంది.