ఆదివారం గంట

గుడి మానేసి పన్నెండేళ్లు. ఇప్పటికీ ఆదివారం పొద్దున గంట మోగితే చెయ్యి ఇస్త్రీ చొక్కా కోసం తడుముతుంది.

మాది గుంటూరు లూథరన్ ఇల్లు. 1842లో మిషనరీ హయ్యర్ దొర ఈ ఊళ్లో దిగిన దగ్గర్నుంచీ కథ చెప్పేవాడు తాతయ్య. నా నమ్మకం ఒక్కరోజులో పోలేదు, వేసవిలో చెరువు ఇంకినట్టు ఇంకిపోయింది. మొదటి రెండేళ్లూ నరకం భయమే. లేదనుకున్నదానికి భయమేమిటని నవ్వకండి, నిద్రలో తర్కం పనిచెయ్యదు. తర్వాత మిగిలింది ఖాళీ. పడుకునేముందు చెప్పుకోడానికి ఎవరూ లేకపోవడం.

ఆ ఖాళీయే మెల్లగా నెమ్మదైంది. ఇప్పుడు తప్పు చేస్తే పైవాడికి కాదు, ఆ మనిషికే వెళ్లి చెప్పుకుంటున్నాను. చాలా కష్టం. నిద్ర మాత్రం పడుతోంది.

అమ్మ ఇంకా నాకోసం మోకరిస్తుంది. ఒకప్పుడు వాదించేవాణ్ణి, అనవసరంగా. ఇప్పుడామెకు కళ్లజోడు పెట్టుకున్నా అక్షరాలు ఆనడం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కట్టి ఉంటుంది. అందులోంచి పురుషోత్తమ చౌదరి కీర్తనలు రోజూ నేనే పాడి వినిపిస్తాను. రాగం తప్పితే అమ్మ ఊరుకోదు.