పాతర పోయింది, గుమ్మి పోయింది

నిన్న పొద్దుగాల ఎర్రగడ్డ రైతుబజారుకు బీరకాయలు, టమాటలు తెచ్చిన. తొమ్మిది కల్లా అయిపోయినయి. వాపసు పోయేటప్పుడు ట్రాలీ సనత్‌నగర్ ఎఫ్‌సీఐ గోదాముల దిక్కు నుంచి పోయింది. బియ్యం బస్తాల లారీలు చూసేసరికి మా నాయిన యాదికొచ్చిండు.

మా ఇంట్ల రెండు గుమ్ములు ఉండేవి. వెదురుతో అల్లి, పేడ, మట్టి కలిపి అలికేది అమ్మ. వడ్లల్ల యాపాకు వేసి నింపేటోళ్లు. ధర లేకుంటే నాయిన అమ్మకపోతుండె. అంతకు ముందు తాతల కాలంల జొన్నలకు పాతర. గుంత తవ్వి, గడ్డి పరిచి, పోసి, పైన మట్టితో మూసేది. తీసేటప్పుడు ముందుగాల దీపం దించి చూసేటోళ్లట. ఆరిపోతే లోపల గాలి చెడ్డదని ఎవరూ దిగకపోతుండ్రి.

అమెరికా గోధుమల ఓడల కోసం దేశం ఎదురుచూసిన రోజుల్లో, 1965 జనవరి 14న ఎఫ్‌సీఐ మొదలైంది. దాంతో ఊరి గింజ సర్కారు గోదాముకు చేరింది. కరువుల బియ్యం దొరికింది, కాదనను. కానీ మెల్లమెల్లగ మన ఇండ్లల్ల దాచుకునే జాగ పోయింది.

మా అన్న కొడుకు కెనడాల ఉంటడు. రైలు పట్టాల పక్కన నిలబడ్డ చెక్క గోదాము ఫోటో పంపిండు. బకెట్లు కట్టిన పట్టా గింజను పైకి మోసి, గదులల్ల పోస్తదట. తూకంల, గ్రేడుల కంపెనీలు మోసం చేస్తున్నయని అక్కడి రైతులు మొత్తుకున్నరు. ఆఖరికి సస్కాచెవాన్ రైతులు 1924ల సహకార పూల్ పెట్టుకుని, తర్వాత సొంత గోదాములే నడిపిన్రు.

మరి నా సంగతి? రెండేండ్ల కింద కొనుగోలు కేంద్రంల తొమ్మిది దినాలు వడ్లు ఆరబోసిన. తేమ 17 శాతం దాటొద్దన్నరు. పదో దినం వాన పడ్డది, మొలకలొచ్చినయి. క్వింటాలుకు మూడు కిలోల తరుగుకు ఒప్పుకుని ఇచ్చేసిన. ఇంట్ల గుమ్మి ఉంటే ఒప్పుకునేటోణ్నా?

ఊరి గోదాములకు సబ్సిడీ 2001 నుంచి ఉన్నది. గోదాము రసీదు మీద అప్పు తెచ్చుకునే చట్టం 2007ల వచ్చింది. కానీ నలభై బస్తాల రైతు ఒక్కడే గోదాము కట్టలేడు. అందుకే మా ఊళ్ల పన్నెండు మందిని కూసోబెడుతున్న ఈ ఆదివారం. అవుతదో కాదో చూద్దాం. మీ దిక్కు ఎవరైనా కట్టుకుని ఉంటే, ఎట్ల నడుపుతున్నరో చెప్పండి. మాకు పనికొస్తది.