మదనపల్లెలో ఇంగ్లీష్ చెప్పిన ఐర్లాండ్ అయ్యవారు



పోయిన వారం మన గ్రూపులో ఒక సీనియర్ అన్న "ఇంగ్లీష్ రావాలంటే ముందు ఇంట్లో తండా భాష మానేయాల" అని పోస్టు పెట్టినాడు. చానామంది లైక్ కొట్టినారు. అన్న మీద గౌరవంతోనే నా జవాబు రాస్తా ఉన్నా. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మాది పుంగనూరు పక్క సుగాలి తండా. మదనపల్లె హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇంట్లో లంబాడీ, బళ్ళో తెలుగు, కాలేజీలో ఇంగ్లీష్. మనలో చానామందికి ఇదే వరస, భాష పేరు మాత్రం మారుతుంది.

మదనపల్లెలో నూరేళ్ళ కిందట ఇంగ్లీష్ చెప్పిన ఒక విదేశీ అయ్యవారున్నాడు. పేరు జేమ్స్ కజిన్స్, ఐర్లాండ్ కవి. 1915లో భార్య మార్గరెట్‌తో కలిసి ఇండియాకు వచ్చి, మద్రాసులో అనీబిసెంట్ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో చేరినాడు. 1916లో డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ళ మీద తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటా వ్యాసం రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. మళ్ళీ బిసెంటే ఆయన్ని మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి పంపించింది. అక్కడ ఇంగ్లీష్ చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయినాడు.

ఆయన దేశం సంగతి మనం తెలుసుకోవాల. ఐర్లాండ్‌కు సొంత భాష ఉంది, ఐరిష్. 19వ శతాబ్దంలో అక్కడి బడి పిల్లోళ్ళ మెడలో ఒక కర్రముక్క కట్టేవాళ్ళు. పిల్లోడు ఐరిష్‌లో మాట్లాడినప్పుడల్లా దాని మీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కబెట్టి దెబ్బలు. కరువు, వలసలు, బడి అన్నీ కలిసి, ఇప్పుడు రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్ళు అక్కడ కొద్దిమందే. వాళ్ళకు ఇంగ్లీష్ బాగా వచ్చింది. పోయిన భాష కోసం మాత్రం ఇప్పటికీ బళ్ళు పెట్టి తంటాలు పడుతున్నారు.

1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె వచ్చి, కజిన్స్ వాళ్ళ కాలేజీలో 'జనగణమన' బెంగాలీలో పాడినాడు. ఫిబ్రవరి 28న ఇక్కడే దాన్ని ఇంగ్లీష్‌లోకి రాసినాడు. మార్గరెట్ దాని రాగానికి స్వరాలు రాసిపెట్టింది. ఇంగ్లీష్ వల్ల ఆ పాట అర్థం పదిమందికీ తెలిసింది. అట్లని టాగూర్ బెంగాలీలో పాడడం మానుకోలేదు కదా.

ఇప్పుడు మా తండా సంగతి. ఈ ఎండాకాలం సెలవుల్లో సాయంత్రం పూట పిల్లోళ్ళకు ఇంగ్లీష్ చెబుతున్నా. వాళ్ళలో ఒక పాపకు పదిలో ఇంగ్లీష్ ఒక్కటే పోయింది. సప్లిమెంటరీలో కూడా పోతే బెంగుళూరుకు బిల్డింగ్ పనికి తీసుకుపోతామని ఇంట్లో అంటున్నారు. ఆ పాప ప్యాసేజీలో చూసిందాన్ని చూసినట్టు దించేది, అర్థం తెలీదు. ఇప్పుడు చదివింది ముందు లంబాడీలో నాకు కథలాగా చెప్పమంటా. తర్వాత తెలుగులో, ఆఖర్న ఇంగ్లీష్‌లో. యాడి, అమ్మ, మదర్. పాణి, నీళ్ళు, వాటర్. లంబాడీలో, తెలుగులో క్రియ ఆఖర్న వస్తుంది, ఇంగ్లీష్‌లో మధ్యలోకి వస్తుందని పక్కపక్కన రాసి చూపిస్తే తొందరగా పట్టుకుంది. పరీక్ష ఇంకా ఉంది. ఫలితం ఏమో గానీ, అడిగితే నోరు తెరుస్తోంది. ఒక బళ్ళో లంబాడీ మాట్లాడితే నిలబెట్టేవాళ్ళు. ఆ భయంతోనే అంతకుముందు తలెత్తేది కాదు.

మా హాస్టల్లో కుప్పం నుంచి వచ్చిన ఎరుకల తమ్ముడొకడున్నాడు. ఇంట్లో ఎరుకల భాష, వీధిలో తెలుగు, సంతలో తమిళం, కన్నడం. నాలుగు భాషలు ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు. అట్లాంటోడికి ఐదోది రావాలంటే మొదటిది మానేయాలా? కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది మన భాషల్ని చదవడానికే. వాడి ఇంటి మాట కూడా చదువే.

ఇంగ్లీష్ వద్దని నేను అనడం లేదు. ఉద్యోగానికి, కోర్టుకు, పై చదువుకు అది కావాల్సిందే. కానీ యాడితో మాట్లాడే మాట దానికి అడ్డం కాదు.

సెలవులకు ఊరికి పోయేవాళ్ళు రోజుకు ఒక గంట మీ తండాలో, కాలనీలో పిల్లోళ్ళని కూచోబెట్టుకోండి. మూడు గళ్ళు గీసి ఇంటి మాట, తెలుగు, ఇంగ్లీష్ రాయించండి. ఏ పదాలు రాయించినారో కింద పెట్టండి. సుగాలి, ఎరుకల, యానాది పదాలన్నీ కలిపి ఒక నోట్సు చేద్దాం. సీనియర్ అన్న కూడా ఒక పది పదాలు పంపాలని కోరుకుంటున్నా.