భాయ్... స్టాండ్!

మలక్‌పేట రోడ్డు మీద బండి నడపడం ఓ విద్య. లైసెన్సు కోసం నేర్చుకునేది కొంతే, మిగతాదంతా రోడ్డే నేర్పుతుంది. కాకపోతే ఆ పాఠాల్లో కొన్నింటికి ఫీజు మరీ ఎక్కువ!

ఉదయం తొమ్మిదిన్నర. చాదర్‌ఘాట్ వైపు నుంచి వచ్చే వాహనాలన్నీ మలక్‌పేట రైలు వంతెన దగ్గర ఒక్కసారిగా మందగిస్తాయి. పైన రైలు, కింద బస్సు, బస్సు పక్కన ఆటో, వాటి మధ్య జానెడు సందు... ఆ సందులో ఓ స్కూటరు! ముందు బుజ్జిగాడు, వెనక వాళ్లమ్మ, ఆమె ఒళ్లో టిఫిన్ క్యారియర్. అడుగడుక్కీ ఇలాంటి కుటుంబమే.

ఇది విజయవాడ వెళ్లే దారి. గంజికి ఉల్లిగడ్డలు తెచ్చే బండ్లూ, దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు పరుగెత్తే పిల్లలూ, ఆసుపత్రులకు వచ్చేవాళ్లూ... అందరికీ ఇదే రోడ్డు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చి, రైలు నెత్తిమీద పరుగులు తీస్తోంది. టూవీలర్లు మాత్రం కిందే!

బస్సు పక్కన జాగ్రత్త

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు బస్సుకు ఎడమవైపు నుంచి దూరడం. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఫుట్‌బోర్డు మీంచి దిగుతారు. ఒక్క గుర్తు చాలు... బస్సు అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనబడకపోతే, మనమూ ఆయనకు కనబడనట్టే.

వేగం సంగతీ అంతే. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. బ్రేకు మీదకు కాలు వెళ్లేలోపే బండి అంత దూరం వెళ్లిపోతుంది. ఇక వానొచ్చిందంటే రోడ్డేదో గుంతేదో తెలీదు. నీళ్లలో ముందు బండి వెళ్లిన జాడలో నెమ్మదిగా పోవడమే మేలు.

జాకీని చూసైనా...

మలక్‌పేట అనగానే రేస్‌కోర్సు గుర్తొస్తుంది. అక్కడ గుర్రమెక్కే జాకీ కూడా హెల్మెట్ లేకుండా బరిలో దిగడు. బయట మనవాళ్లకు మాత్రం అది అద్దానికి తగిలించుకునే అలంకారం! దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. హెల్మెట్ ఉంటే ప్రాణాపాయం 42 శాతం, తలకు గాయాలు 69 శాతం తగ్గుతాయని అధ్యయనాలు తేల్చాయి. వెనక కూర్చున్నవాళ్లకూ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ చట్టప్రకారం అది తప్పనిసరి. పట్టీ బిగించకపోతే మాత్రం పెట్టుకున్నా లేనట్టే.

పేరు తెలియని చుట్టాలు

ఇంత హడావుడిలోనూ ఈ రోడ్డుకో మంచి మర్యాద ఉంది. సైడ్‌స్టాండు తీయకుండా ఎవరైనా కదిలితే చాలు, పక్కనుంచి ఓ కేక... ‘భాయ్, స్టాండ్!’ చీరకొంగు చక్రం వైపు జారితే... ‘అక్కా, కొంగు!’ పగలు లైటు వెలుగుతుంటే గుప్పిట తెరిచి మూసే సైగ. చెప్పినవాళ్లు ఆగరు, విన్నవాళ్లు తలూపి సాగిపోతారు. ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. కానీ ఆ కేకతో మలుపు దగ్గర ఓ బండి పల్టీ తప్పుతుంది, ఓ తల్లి ప్రాణం నిలుస్తుంది.

ఆ మర్యాదనే మరికాస్త సాగదీస్తే చాలు. సిగ్నల్ పడేలోపే హారన్ మోగించకుండా ఉండటం, ముసలాయన రోడ్డు దాటేదాకా ఓ క్షణం ఆగడం, అంబులెన్సుకు పక్కకు జరగడం. ఎవరైనా పడిపోతే గుమిగూడి చూడకుండా 108కి ఫోన్ చేయడం. సాయం చేసినవాళ్లు పేరు చెప్పాల్సిన పనిలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం వారికి రక్షణనిస్తోంది.

అందరూ తొందరలోనే ఉంటారు. తొందర ఇంటికి చేరడానికే కదా!