నొప్పి తగ్గింది, జబ్బు తగ్గలేదు

షాబాన్ నెల చివరి రోజుల్లో ఒక రాత్రి, కుడివైపు కింది దవడపన్ను నన్ను నిద్ర లేపింది. చల్లని నీళ్లు తగిలితే జివ్వుమనడం కొన్ని నెలల క్రితమే మొదలైనా, ఇంటి పనుల్లో పడి పట్టించుకోలేదు. ఆ రాత్రి పడుకుంటే పోటు, లేచి కూర్చుంటే కొంత ఉపశమనం. అత్తమ్మ లవంగ నూనెలో దూది ముంచి ఇచ్చారు. గంటసేపు హాయిగా ఉండి, మళ్లీ పోటు మొదలైంది.

మరునాడు దంతవైద్యురాలు ఎక్స్‌రే చూసి, పుచ్చు పంటి లోపలి నరం దాకా చేరిందన్నారు. చుట్టూ గట్టి పంటి గోడలే కావడంతో వాచిన నరానికి చోటు ఉండదు. అందుకే అంత పోటు. చెడిన నరాన్ని తీసి, వేళ్లలోని సన్నని కాలువలను శుభ్రపరచి మూసివేయడమే రూట్ కెనాల్ చికిత్స.

మత్తు సూదితో పెదవి మొద్దుబారింది. అయినా పంటిని తాకగానే ప్రాణం పోయినంత పనైంది. కుర్చీ చేతులను బిగించి పట్టుకున్నానే తప్ప నోరు మెదపలేదు. నా కంట నీరు చూసి ఆమె పని ఆపారు.

“ఇక్కడ ఓర్చుకోవడం గొప్ప కాదమ్మా. నొప్పి తెలిస్తే చెయ్యెత్తండి” అన్నారు.

బాగా వాచిన కింది పంటికి ఒక్కోసారి మొదటి సూది చాలదట. పంటి పక్కనే మరో సూది వేశాక మిగతా పని బాధ లేకుండా సాగింది. పంటిని తాత్కాలికంగా మూసి, వారం తర్వాత తప్పక రమ్మన్నారు.

మూడు రోజుల్లో నొప్పి మాయమైంది. ఇంతలో రంజాన్ వచ్చింది. సహరీ వంట, ఇఫ్తార్ ఏర్పాట్లు, పిల్లల చదువులు. నొప్పే లేనప్పుడు తొందరేమిటి, పండుగ తర్వాత వెళ్దామనుకున్నాను. తాత్కాలిక పూత ఒక మూల ఊడినా లెక్కచేయలేదు.

నా పొరపాటు అక్కడే జరిగింది. నరం తీసిన పన్ను మునుపటిలా హెచ్చరించలేదు. ఊడిన పూత సందులోంచి క్రిములు మాత్రం లోపలికి వెళ్తూనే ఉన్నాయి. నెల చివరి వారంలో ఒకనాడు సహరీ వేళకు చెంప వాచింది, జ్వరం వచ్చింది, నోరు సరిగా తెరుచుకోలేదు. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ మాత్రలు వేసుకోబోతే మావారు వారించి, తెల్లవారగానే వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లారు.

ఆమె పంటిని తెరిచి చీము తీశారు. జ్వరంతో పాటు వాపు పాకినందువల్లనే యాంటీబయోటిక్ రాశారు. ఉత్త పంటిపోటుకు అది పనిచేయదని, రక్తప్రసరణ లేని పంటి లోపలికి మందు చేరదని, లోపల శుభ్రం చేయడమే అసలు చికిత్స అని వివరించారు. వాపు దవడ కిందికి, గొంతు వైపు దిగి ఉంటే ప్రాణం మీదికే వచ్చేదన్నారు.

ఆనాడు ఉపవాసం విరమించవలసి వచ్చింది. ఫోన్‌లో ఏడుస్తుంటే అమ్మీ అన్నది: “రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపే కదా బేటీ. తర్వాత కజా చేసుకో. ఈ దేహం కూడా అమానతే.”

షవ్వాల్‌లో చికిత్స పూర్తయింది. చివరిసారి పని జరిగాక రెండు మూడు రోజులు సలుపు ఉంది. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వాడితే తగ్గింది. (అల్సర్, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఐబూప్రొఫెన్‌ను అడగకుండా వాడరాదు.) ఆ తర్వాత కొరికినప్పుడు మాత్రమే పోటు తెలిసేది. పూత కాస్త ఎత్తుగా ఉందట. కొంచెం అరగదీస్తే అదీ పోయింది. బలహీనపడిన పన్ను విరగకుండా పైన క్యాప్ వేశారు.

కజా ఉపవాసాలు ముగిశాయి. ఆ పంటితోనే ఇప్పుడు నిశ్చింతగా నములుతున్నాను. ఇంటిల్లిపాదికీ వేళకు వడ్డించే సోదరీమణులకు నేను చెప్పదలచినది ఒక్కటే. నొప్పిని దాచుకోకండి, అది తగ్గగానే చికిత్సను మధ్యలో వదిలేయకండి. వాపుతో పాటు జ్వరం, మింగడంలో గానీ శ్వాసలో గానీ ఇబ్బంది కనిపిస్తే తెల్లవారేదాకా కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.