వెనక బెంచీకి ఒక సెకను

విస్తరి వేసి ముందు మజ్జిగ పోసి, తర్వాత పులుసు పోసి, చివర్లో పప్పూ నెయ్యీ వడ్డిస్తే? దేనికదే కమ్మగా ఉండొచ్చు. కానీ దాన్నెవరూ భోజనం అనరు. వడ్డనకో వరస ఉంది. ఒకదానికీ మరోదానికీ మధ్య కాస్త వ్యవధీ ఉంది. వీడియోకీ అంతే!

కెమెరా లేకుండా, కంప్యూటర్‌కి ఆదేశాలు రాసి వీడియో తయారుచేసే పద్ధతి ఒకటుంది. గ్రాంట్ శాండర్సన్ అనే అమెరికన్ తన 'త్రీ బ్లూ వన్ బ్రౌన్' యూట్యూబ్ ఛానల్లో లెక్కల పాఠాల కోసం 2015లో 'మానిమ్' అనే సాధనం మొదలుపెట్టాడు. దాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాడు. 2020 నుంచి ఔత్సాహికుల బృందం ఒకటి దాని మరో రూపాన్ని నడుపుతోంది. అందులో 'ప్లే' అని రాస్తే బొమ్మ కదులుతుంది. 'వెయిట్' అంటే ఆగుతుంది. ఎంతసేపో మనం చెప్పకపోతే ఒక సెకను తీసుకుంటుంది.

నాకు దీంతో పని పడింది మా నాన్న వల్ల. ఆయన లెక్కల మాస్టారు. రిటైరయ్యాకా సాయంత్రమైతే అరుగు నిండా పిల్లలే. గొంతులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ తర్వాత మాట మునుపటిలా ఉండకపోవచ్చనీ డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కి ముందు వారమంతా ఆయన పాఠాలు ఫోన్లో రికార్డు చేశాను. ఏడో తరగతి చదివే అక్క కూతురి కోసం, త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలన్న పాఠంతో వీడియో మొదలుపెట్టాను.

కథ చిన్నదే. త్రిభుజం గీయాలి. మూడు మూలలకీ మూడు రంగులు వేయాలి. వాటిని కత్తిరించి, మొనలన్నీ ఒకేచోట కలిసేలా పక్కపక్కన పేర్చాలి. అప్పుడు కింద సరళరేఖ తేలాలి. ఆ గీత ముందే కనిపించిందా, పిల్లలు కనుక్కోవడానికి ఇంకేమీ మిగలదు.

మరి సమయం? రెండు దారులున్నాయి. 'పన్నెండో సెకనులో ఇది, ఇరవయ్యో సెకనులో అది' అని గడియారం చూసి రాయడం ఒకటి. అలాగైతే మొదట్లో ఒక్క సెకను పెంచినా వెనకున్న లెక్కలన్నీ మళ్ళీ దిద్దాలి. రెండోది, రైలు పెట్టెల్లా తగిలించడం. ఇది ముగిశాకే అది. ముందుది సాగితే వెనకవి వాటంతటవే జరుగుతాయి. నేను రెండో దారే పట్టాను. నాన్న మాటల్ని వాక్యానికో ముక్కగా విడదీసి, ఏ వాక్యం నిడివి ఎంతో దాని బొమ్మ కదలిక కూడా అంతే ఉండేలా రాశాను.

చిక్కంతా మాటల మధ్య మౌనంతోనే. "ఈ మూడూ కలిపితే ఏమొస్తుందిరా?" అని అడిగి నాన్న ఆగిపోతారు. అయిదు సెకన్లు! మౌనాన్ని దానంతటదే కత్తిరించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాడితే వీడియో చకచకా నడుస్తుంది. కానీ ఆ అయిదు సెకన్లూ ఖాళీ కాదు. అరుగు మీద పిల్లలు బుర్ర గోక్కున్నదీ, ఒకడు చెయ్యెత్తి మళ్ళీ దించేసిందీ ఆ వ్యవధిలోనే. అందుకే అక్కడ 'వెయిట్' పక్కన 5 వేశాను. తెర మీద మూడు రంగు ముక్కలు, అంతే. ఏదీ కదలదు.

మా మేనకోడలు చూసింది. మూడో సెకను దాటుతుండగా "గీత! తిన్నగా గీత వస్తుంది తాతయ్యా!" అని అరిచింది. ఆ తర్వాతే తెర మీద గీత వచ్చింది.

ఆపరేషనై పది రోజులైంది. నాన్న ఇంకా మాట్లాడకూడదు. వీడియో రెండుసార్లు చూసి పలక అందుకున్నారు. "దీనికి వచ్చేసింది. వెనక బెంచీకి ఇంకో సెకను ఇవ్వు" అని రాశారు.

5 చెరిపి 6 వేశాను. వెనక దృశ్యాలన్నీ బుద్ధిగా ఒక సెకను జరిగి కూర్చున్నాయి.